ఉజ్జీవ సభ అయిపోయాక బుధవారం నుంచి ఏం చేయాలి?

బ్రదర్, మీరు రాసింది పూర్తిగా చదివాను. మిగతావాళ్లకు కూడా సంగతి తెలియాలి కాబట్టి ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. మీకు ముప్పై నాలుగేళ్లు. పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్ సేల్స్ ఉద్యోగం. బాప్తిస్మం తీసుకుని పదేళ్లు దాటింది. ఆదివారం తప్పరు, యూత్‌లో పాటలు నడిపిస్తారు, దశమభాగం ఇస్తారు. కానీ ఇంట్లో భార్య మీద, పిల్లల మీద అరుస్తారు. టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లులో తిరగని కిలోమీటర్లు రాస్తారు, డీలర్లకు అబద్ధాలు చెబుతారు. ఉజ్జీవ సభ (విశ్వాసాన్ని మళ్లీ రగిలించడానికి పెట్టే ప్రత్యేక సభ) పెట్టిన ప్రతిసారీ ఏడ్చి తీర్మానం చేసుకుంటారు, బుధవారానికల్లా మళ్లీ మామూలే. మొన్న మీ ఆవిడ "మైకులో వినపడే గొంతు, ఇంట్లో వినపడే గొంతు ఒకరివేనా అని అనుమానంగా ఉంది" అన్నారు. అప్పట్నుంచి మీకు నిద్ర లేదు. మీ ప్రార్థన ఎందుకు పనిచేయడం లేదు, ఉపవాసాలు పెంచాలా, తెల్లవారుజామున లేచి ప్రార్థన చేయాలా, పాటలు నడిపించడం మానేయాలా అని అడిగారు.

నేను పాస్టర్‌ని కాను. ఒంగోలు వైపు ఒక సంఘంలో చాలాకాలం పెద్దగా ఉన్నాను. భార్యాభర్తల గొడవలు, అన్నదమ్ముల పంపకాలు, సంఘం డబ్బు లెక్కల తగాదాలు, వీటి మధ్య కూర్చుని మాట్లాడటమే ఎక్కువగా చేసిన పని. అక్కడ చూసినదాన్నిబట్టి చెబుతున్నాను.

కొత్తగా ఏదీ మొదలుపెట్టకండి. ఉపవాసమూ మంచిదే, తెల్లవారుజాము ప్రార్థనా మంచిదే. కానీ మీకు భక్తి చాలక ఈ పరిస్థితి రాలేదు. మీరు కొంతమందికి బాకీ పడ్డారు, ఆ బాకీ తీర్చకుండా ప్రతి సభలోనూ దేవుడి దగ్గర కొత్త ఖాతా తెరుస్తున్నారు. తప్పు జరిగిన చోటికే తిరిగి వెళ్లి, ఎవరి విషయంలో జరిగిందో వాళ్ల దగ్గరే సరిచేసుకోవడం మొదలుపెడితే గుణం మారుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దాన్ని ఎలా చేయాలన్న సంగతి.

సభలో మీరు ఏడ్చినప్పుడు ఏమని ప్రార్థన చేశారో గుర్తు తెచ్చుకోండి. "ప్రభువా, నేను పాపిని, నన్ను మార్చు" అని ఉంటారు. ఆ కన్నీళ్లు అబద్ధమని నేను అనను. కానీ ఆ ప్రార్థనలో మీ ఆవిడ లేదు. కూర చల్లారిపోయిందని పిల్లల ముందు ఆమెను మీరు అన్న మాట లేదు. మార్చి నెల టీఏ బిల్లు లేదు. దేవుడితో చెప్పేశాం కాబట్టి మనుషులతో లెక్క కూడా తీరిపోయిందని మనసు సర్దిచెప్పుకుంటుంది, గుండె తేలికపడుతుంది. ఆ తేలికదనం సోమవారం బాగానే ఉంటుంది, మంగళవారం కొంచెం తగ్గుతుంది, బుధవారం పొద్దున్నే టార్గెట్ ఎంతవరకు వచ్చిందని మేనేజర్ ఫోన్ చేస్తాడు.

లూకా సువార్త 19లో జక్కయ్యను చూడండి. మేడిచెట్టు ఎక్కిన సంగతి సండే స్కూల్ పిల్లలందరికీ తెలుసు. చెట్టు దిగాక ఏం మాట్లాడాడో పెద్దవాళ్లం కూడా వేగంగా చదివేసి వెళ్లిపోతాం. ఆయన సుంకపు గుత్తదారుడు, అంటే పన్నులు వసూలు చేసేవాడు, ఊళ్లో ఎవరి దగ్గర ఎంత లాగాడో ఆయనకే తెలుసు. "ఇకమీదట మంచిగా ఉంటాను" అని ఆయన అనలేదు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా ఎవరి దగ్గర తీసుకున్నా నాలుగంతలు తిరిగి చెల్లిస్తానన్నాడు. అంకెతో సహా చెప్పాడు. మోషే ధర్మశాస్త్రంలో గొర్రెను దొంగిలించి అమ్మేసినా, కోసేసినా నాలుగు గొర్రెలు ఇవ్వాలి, అది నిర్గమకాండము 22. తనంతట తాను ఒప్పుకున్నవాడు మాత్రం అసలు మీద అయిదో వంతు కలిపి ఇస్తే చాలు, అది సంఖ్యాకాండము 5. జక్కయ్య తనంతట తానే ఒప్పుకుని కూడా దొంగకు వేసే లెక్కే తనకు వేసుకున్నాడు.

ఇక్కడ వరస కూడా చూడాలి. "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అని యేసు ముందే అన్నాడు. డబ్బు సంగతి జక్కయ్య ఆ తర్వాత ఎత్తాడు. కాబట్టి సరిచేసుకోవడం అనేది రక్షణ కొనుక్కోవడానికి కట్టే వెల అని ఎవరూ అనుకోకూడదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో, రక్షణ కృపవల్లే, క్రియలవల్ల కాదు అని చెప్పే 8, 9 వచనాలు కంఠతా వచ్చినవాళ్లు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. సత్క్రియల గురించి చెప్పే 10వ వచనం దగ్గరికి వచ్చేసరికి చాలామందికి గొంతు తడబడుతుంది.

ఇక ఇంటి సంగతి. కోపం ఎప్పుడు వస్తోందో ఒక వారం రాసి పెట్టండి. ఎందుకు వస్తోందన్నది ఇప్పుడు వద్దు. ఏ టైముకి, ఏ గదిలో, చేతిలో ఏముండగా అన్నది రాయండి. నా దగ్గరికి వచ్చిన భర్తల్లో చాలామంది "నాకు కోపం ఎక్కువండీ" అంటారు, రోజంతా అదే స్వభావం అన్నట్టు. తీరా చూస్తే మేనేజర్ ముందు, డీలర్ ముందు, పాస్టర్ గారి ముందు ఆ కోపం కనపడదు. ఇంటికొచ్చిన మొదటి అరగంటలోనూ, ఆదివారం పొద్దున గుడికి బయల్దేరే ముందూ కనపడుతుంది. అంటే అదుపు చేయడం మీకు చేతకాక కాదు. ఎదురు చెప్పలేనివాళ్ల దగ్గర వదిలేస్తున్నారు.

క్రైస్తవ ఇళ్లలో ఆదివారం పొద్దున ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. చొక్కా ఇస్త్రీ కాలేదు, పెద్దదాని రెండో చెప్పు మంచం కింద ఉంది, చిన్నవాడు టిఫిన్ తినడు, ఆవిడ మధ్యాహ్నం వంటకు కూడా కొంత సిద్ధం చేసుకుని అప్పుడు తల దువ్వుకోవాలి. ఈయన బైక్ స్టార్ట్ చేసి గేటు దగ్గర హారన్ కొడుతుంటాడు. దారంతా మాటలుండవు. గుడి మెట్లెక్కగానే ముఖం నిండా నవ్వుతో "వందనాలు బ్రదర్!" వెనక వస్తున్న ఆవిడకు ఆ నవ్వు చూస్తే ఎలా ఉంటుంది? మీరు పాటలు నడిపించేవారు కాబట్టి త్వరగా వెళ్లాలన్న టెన్షన్ ఇంకొంచెం ఎక్కువే. శనివారం రాత్రే మీ చొక్కాతో పాటు పిల్లల బట్టలూ మీరే ఇస్త్రీ చేసి పెట్టండి. చెప్పులు, బైబిళ్లు తలుపు దగ్గర పెట్టండి. పొద్దున చిన్నవాడికి తినిపించే పని మీది. ఆరాధనకు సిద్ధపడటం అని పెద్ద మాట వాడతాం కదా, మీ ఇంట్లో దాని అర్థం ఇదే.

మామూలు రోజుల్లో ఇంటి ముందు బండి ఆపాక లోపలికి వెళ్లే ముందు ఆఫీసు ఫోన్లన్నీ అక్కడే ముగించండి. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఇంట్లోకి వెళ్లకండి. లోపలికి వెళ్లాక మంచినీళ్లు తాగి కాసేపు కూర్చోండి. ఆ కాసేపట్లో ఏ విషయం మీదా తీర్పు చెప్పకండి, ఏ ప్రశ్నా వేయకండి. స్కూలు డైరీ, కరెంటు బిల్లు, అత్తగారి ఫోన్ అన్నీ ఆ తర్వాతే. ఇందులో ఆత్మీయత ఏముందని మీకు అనిపించవచ్చు. మాట్లాడటానికి, కోపించడానికి నిదానించమని యాకోబు రాశాడు. నిదానానికి చోటూ టైమూ కావాలి, అవి మీరు కల్పించుకోకపోతే ఎవరూ కల్పించరు.

అయినా నోరు జారుతుంది. అప్పుడేం చేస్తారన్న దగ్గరే అసలు పని ఉంది. మన మగవాళ్లు క్షమాపణ అడగరు. బిర్యానీ పార్సిల్ తెస్తారు, లేకపోతే మల్లెపూలు తెచ్చి ఫ్రిజ్‌లో పెడతారు. ఆవిడ అర్థం చేసుకోవాలి. లేదంటే "సారీ, కానీ నువ్వు కూడా అలా అనకుండా ఉండాల్సింది" అంటారు. "కానీ" వచ్చిందంటే ముందు చెప్పిన సారీ కొట్టుకుపోయినట్టే. ఏం అన్నారో ఆ మాట పేరు పెట్టి చెప్పండి. "నిన్న రాత్రి మీ పుట్టింటివాళ్లను ఎత్తి మాట్లాడాను, అది తప్పు, నన్ను క్షమించు." అక్కడితో ఆగండి. పిల్లల ముందు అరిచి ఉంటే పిల్లల ముందే చెప్పండి. ఆవిడ వెంటనే "పర్లేదులెండి" అనకపోవచ్చు. పదేళ్ల బాకీ ఒక మాటతో తీరదు. క్షమించమని అడగడం మీ పని, ఎప్పుడు క్షమించాలన్నది ఆమె ఇష్టం. "ప్రభువు క్షమించాడు, నువ్వు క్షమించవా?" అని వాక్యం తీసి ఆమె మీద పెట్టారంటే మళ్లీ మొదటికొచ్చినట్టే.

వాక్యం అంటే గుర్తొచ్చింది. ఎఫెసీ 5:22, భార్యలు లోబడి ఉండాలన్న వచనం, పంచాయితీకి వచ్చిన ప్రతి భర్తకూ వచ్చు. దాని ముందు వచనంలోనే ఒకరికొకరు లోబడి ఉండమని ఉంది, 25లో భర్తకు చెప్పింది సిలువ దాకా వెళ్లే ప్రేమ గురించి. 1 పేతురు 3:7 ఇంకా నేరుగా ఉంటుంది. భార్యను సన్మానించని భర్త ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని. మీ ప్రార్థన ఎందుకు పనిచేయడం లేదని అడిగారు కదా, ఆ వచనం ఒకసారి తీయండి.

మీరు అరుస్తానని మాత్రమే రాశారు. ఒకవేళ చెయ్యి కూడా లేస్తుంటే నేను చెప్పేవేవీ సరిపోవు. అది ప్రార్థన అంశం కింద దాచిపెట్టే విషయం కాదు, 2005 నుంచి గృహహింస చట్టం ఉంది. ఇది చదివే చెల్లెళ్లెవరికైనా ఆ పరిస్థితి ఉంటే 181కి ఫోన్ చేయండి, సంఘం పరువు గురించి ఆలోచించకండి.

ఇప్పుడు డబ్బు. టీఏ బిల్లుల సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అదే పెద్ద విషయంగా కనపడింది, ఎందుకంటే కోపానికైతే తర్వాత బాధపడుతున్నారు, దీనికి అలవాటు పడిపోయారు. ఇద్దరు ఒకే బండి మీద వెళ్లి ఇద్దరూ వేరువేరుగా పెట్రోల్ రాసుకోవడం, ఇంటికొచ్చి పడుకుని లాడ్జి బిల్లు పెట్టడం, ఇదంతా "అందరూ చేసేదే, కంపెనీ కూడా తెలిసే ఇస్తుంది" అన్న మాట కింద నడిచిపోతుంది. కంపెనీకి నిజంగా తెలిసి ఇస్తుంటే వచ్చే నెల ఉన్నది ఉన్నట్టు రాసి చూడండి, ఎవరూ ఏమీ అనరు.

ఒక కాగితం మీద లెక్క వేయండి. సరిగ్గా రాకపోతే ఎక్కువ వైపుకే వేయండి. పన్నెండు వేలు అని తేలిందనుకుందాం. అయిదో వంతు రెండు వేల నాలుగు వందలు కలిపితే పద్నాలుగు వేల నాలుగు వందలు. ఈ డబ్బు కానుక పెట్టెలో వేయకండి. చాలామంది చేసేది ఇదే, దొంగ డబ్బుకు దేవుడిని భాగస్థుడిని చేయడం. ఎవరికి నష్టం చేశామో వాళ్లకే ఇవ్వాలని సంఖ్యాకాండము స్పష్టంగా చెబుతోంది. మేనేజర్‌తో చెప్పి అకౌంట్స్‌లో కట్టేయగలిగితే అదే మంచిది. "ఉద్యోగం పోతే పిల్లలు ఏమవుతారు?" అని అడుగుతారు, అది పట్టించుకోని సలహా నేను ఇవ్వను. ముందు ఈ నెల నుంచి దొంగ బిల్లు ఆగాలి. తర్వాత ఏం చెప్పాలి, ఎవరితో చెప్పాలి అన్నది ఇంట్లో మాట్లాడుకుని, కంపెనీ పద్ధతి తెలిసిన నమ్మకమైన మనిషిని అడిగి తేల్చుకోండి. ఈలోగా నిజంగా అయిన ఖర్చులే కొన్ని నెలలు క్లెయిమ్ చేయకుండా వదిలేస్తే అప్పు కొంత తగ్గుతుంది. కానీ ఎవరికీ తెలియకుండా సర్దుకునే దారి అలవాటైతే ఒప్పుకోవడం అనే సగం మిగిలిపోతుంది, అది మరచిపోకండి.

డీలర్లతో అబద్ధాలు ఇంకో రకం. నెలాఖరు టార్గెట్ కోసం "తర్వాత వెనక్కి తీసుకుంటాంలే" అని సరుకు దింపించడం, రేపే స్కీమ్ అయిపోతోందని తొందరపెట్టడం, ఫలానా తెగులుకు పనిచేయదని తెలిసీ ఈ మందే కొట్టమని రైతుకు చెప్పించడం. చివరిదాని బిల్లు కట్టేది మిరపచేను వేసిన కౌలు రైతు. అతను మీ సంఘంలోనే చివరి వరసలో కూర్చునేవాడు కావచ్చు. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు" అని ప్రభువు చెప్పింది ఆ షాపు కౌంటర్ దగ్గర పాటించాలి. ఒకటి రెండు నెలలు టార్గెట్ తప్పుతుంది. మాట నమ్మొచ్చని తెలిశాక డీలర్లే మిమ్మల్ని వెతుక్కుంటారని కొందరు బోధకులు హామీ ఇస్తారు. నేనివ్వను. నిజం చెప్పి నష్టపోయినవాళ్లు కూడా నాకు తెలుసు. నష్టం కలిగినా మాట తప్పనివాడి గురించి 15వ కీర్తన చెబుతుంది, నష్టం రాదని చెప్పదు.

మా ప్రాంతపు చరిత్ర ఒకటి దీనికి సంబంధించింది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత దూరం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. బాప్తిస్మం కావాలని జనం గుంపులుగా వచ్చారు, అందులో ఎక్కువమంది మాదిగ కుటుంబాలవారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, బియ్యం కోసం వచ్చారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం పనులన్నీ ముగిశాక, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె ఇప్పటికీ మా సభల్లో గర్వంగా చెబుతాం. అంతకు ముందు నెలల తరబడి ఆపిన సంగతి ఎవరూ చెప్పరు, నాకు మాత్రం అదే ముఖ్యంగా కనపడుతుంది. లాభం ఆగిపోయాక కూడా నిలబడతారా అన్నదే అక్కడ తేలింది.

ఆ తొలి విశ్వాసులను అడిగినవి మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. చదువు లేని కూలివాళ్లకు ఆదివారం పనికి రామని ఊరి పెద్దలకు చెప్పడం అంటే ఏమిటో ఆలోచించండి. కరణాలు, భూస్వాములు ఊరుకోలేదు, కష్టాలు పెట్టారు. వాళ్ల విశ్వాసం వారంలో ఒక రోజు కూలి ఖర్చుతో కనపడేది. టీఏ బిల్లు తగ్గించుకోమంటే మనకు నిద్ర పట్టడం లేదు.

గుణం అనగానే మన సంఘాల్లో గుర్తొచ్చేవి సిగరెట్, మందు, సినిమా, కొన్నిచోట్ల నగలు. వీటిలో తప్పిపోయినవాడిని ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) దగ్గరికి రానివ్వరు. కట్నం బేరమాడి తీసుకున్నవాడు మాత్రం ఆ బల్ల దగ్గరే రొట్టె పళ్లెం పట్టుకుని నిలబడతాడు. 1961 నుంచి అది నేరం, పాపం అంతకు ముందునుంచే. కులం కూడా అంతే. హైదరాబాద్ హెబ్రోను సంఘంలో దాన్ని స్థాపించిన బక్త్ సింగ్ గారి కాలం నుంచి ప్రేమవిందులో అందరినీ ఒకే పంక్తిలో కింద కూర్చోబెట్టి భోజనం పెట్టేవారు. ఒకే పంక్తిలో తిన్నవాళ్లే పిల్లల పెళ్లిళ్ల దగ్గరికి వచ్చేసరికి "మనవాళ్లేనా?" అని అడుగుతారు. మీకు పిల్లలు చిన్నవాళ్లు, ఆ ప్రశ్న రావడానికి టైముంది. ప్రస్తుతానికి మీ ఇంట్లో పనిచేసే ఆమె సంగతి చూడండి. నెల జీతం ఒకటో తారీఖునే ఇస్తున్నారా, ఆమె గ్లాసు విడిగా పెడుతున్నారా, జ్వరమొచ్చి రాకపోతే కోస్తున్నారా? సూర్యుడు అస్తమించకముందే కూలి ఇవ్వమని ద్వితీయోపదేశకాండములో ఉంది. మీలో వచ్చిన మార్పు గురించి పాస్టర్ గారి కన్నా ఆమెను అడిగితే సరైన రిపోర్టు వస్తుంది.

వాక్యం, ప్రార్థన గురించి ఇంతవరకు తక్కువే చెప్పాను, అవి తక్కువని కాదు. మీరు చదువుతున్నారు కాబట్టి ఒక మాటే. ఏడాదిలో బైబిల్ మొత్తం పూర్తిచేసే చార్టు కొన్నాళ్లు పక్కన పెట్టి, మత్తయి 5, 6, 7 అధ్యాయాలు నెలపాటు తిరగేయండి. పొద్దున పది వచనాలు చాలు. పాత అనువాదం భాష కష్టంగా ఉంటే పక్కన వాడుక భాషలో ఉన్నది పెట్టుకోండి. చదివాక ఆ వచనం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. పెట్టగానే ఆ పని అయిపోయినట్టు అనిపిస్తుంది, అదీ ఇబ్బంది. ఆ రోజు కలవబోయే మనుషుల్లో ఎవరి దగ్గర ఆ వచనం అవసరమవుతుందో ఒక పేరు అనుకుని బయల్దేరండి.

రాత్రి పడుకునే ముందు కాసేపు రోజంతా వెనక్కి తిప్పి చూడండి. పడకల మీద ఉండగా హృదయాల్లో ధ్యానం చేసుకోమని నాలుగో కీర్తన. ఎక్కడ నోరు జారింది, ఎవరికి అబద్ధం చెప్పాను, రేపు ఎవరి దగ్గరికి వెళ్లి సరిచేయాలి? మూడో ప్రశ్నకు పేరు వస్తే పొద్దున మొదటి ఫోన్ వాళ్లకే చేయండి. మంచి జరిగితే దానికి కూడా కృతజ్ఞత చెప్పండి, లేకపోతే నేరాల చిట్టా చదువుతూ నిద్రపోవడం అలవాటవుతుంది.

ఇంకొకటి, ఒంటరిగా ఇది జరగదు. 1742లో బ్రిస్టల్‌లో మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ మనుషులు ప్రార్థనా మందిరం కట్టిన అప్పు తీర్చడానికి పన్నెండేసి మందిని ఒక జట్టుగా చేశారు, వారానికి ఒక్కొక్కరు ఒక పెన్నీ ఇవ్వాలి. డబ్బు కోసం ఇంటింటికీ తిరిగిన నాయకుడికి ఎవరింట్లో తాగుడు, ఎవరింట్లో గొడవ అన్నది కళ్లకు కనపడింది. ఆ వసూళ్ల జట్లే తర్వాత ఒకరి బతుకు ఒకరు అడిగి తెలుసుకునే క్లాస్ మీటింగులయ్యాయి. మీకు పన్నెండు మంది అవసరం లేదు, ఒక్కడు చాలు. మీ పాటకు ముచ్చటపడని మనిషి అయ్యుండాలి. మీ కింద పనిచేసేవాడు వద్దు, మీ ఆవిడ మీద ఈ బరువు వేయొద్దు, విన్నదాన్ని బుధవారం ఇళ్లలో జరిగే కాటేజ్ ప్రార్థనలో "ఒక బ్రదర్ కోసం ప్రార్థన చేద్దాం" అని చెప్పేవాడు అసలే వద్దు. వారానికోసారి టీ తాగుతూ అతను అడగాల్సింది రెండు. ఈ వారం ఇంట్లో అరిచావా? బిల్లు ఉన్నది ఉన్నట్టు రాశావా?

మళ్లీ పడిపోతారు. రోమా 7లో "నేను చేయగోరు మేలు చేయక" అని రాసినవాడు అపొస్తలుడు. గలతీ 5లో ఆత్మ ఫలం అన్నారు, ఫలానికి పూత, పిందె దశలుంటాయి, ఎరువు ఎక్కువ వేసినంత మాత్రాన మామిడి సంక్రాంతికి పండదు. మీలో మార్పు మీకంటే ముందు ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. గుర్తు ఎలా ఉంటుందంటే, అరవడం పూర్తిగా పోవడం కన్నా ముందు, అరిచాక సరిచేసుకోవడానికి పట్టే టైము తగ్గుతుంది. మొదట్లో మూడు రోజుల మౌనం. తర్వాత మర్నాటి దాకా. తర్వాత సూర్యుడు అస్తమించే లోపు. ఇంకొన్నాళ్లకు నోట్లో మాట ఉండగానే ఆగిపోతారు. ఈ వరసలో ముందుకు కదులుతున్నారంటే ధైర్యంగా ఉండండి. మీలో పనిచేసేవాడు దేవుడే అని ఫిలిప్పీ 2:13, ఆ ధైర్యంతోనే పై వచనంలోని "భయముతోను వణకుతోను" రక్షణను కొనసాగించుకోమన్నది చేయగలం.

చివరగా పాటల సంగతి. నలుగురి ముందు నిలబడి "నేను అయోగ్యుణ్ణి, తప్పుకుంటున్నాను" అని ప్రకటించకండి. అది కూడా ఒక పాటే అవుతుంది, జనం ఇంకా మెచ్చుకుంటారు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమని యేసు అన్నాడు కదా, ఎవరితో సమాధానపడాలో ఆమెనే అడగండి. ఈ శనివారం రాత్రి చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, "నేను మైకు పట్టుకుంటే నీకు కష్టంగా ఉంటోందా?" అని అడగండి. "లేదు" అంటే నడిపించండి. "కొన్నాళ్లు మానేయండి" అంటే పాస్టర్ గారికి ఫోన్ చేసి, ఇంట్లో పనుందండీ, కొన్ని వారాలు వేరేవాళ్లను చూసుకోండి అని చెప్పండి. అది అబద్ధం కాదు.